తిమింగలం నూనె పోయాక మొదలైన తగువు

డెక్స్‌రాన్ అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోయడానికి జనరల్ మోటార్స్ నిర్దేశించిన ఆయిల్. డెక్స్‌రాన్-3 అడిగే పాత ఆటోమేటిక్ కారులో డెక్స్‌రాన్-6 పోయవచ్చా, పోయకూడదా అన్న వాదన మళ్లీ రాజుకుంది. జనరల్ మోటార్స్ తొలినాటి హైడ్రమాటిక్ ఆటోమేటిక్ గేర్‌బాక్సులూ, 1949 నాటి టైప్-ఏ ఆయిలూ ఈ తగువుకు ముందటి సంగతులు కాబట్టి వాటిని దాటేద్దాం. కొత్త ఆయిల్ పాతదాని బదులు సరిపోతుందన్న కంపెనీ మాటపై అపనమ్మకం పుట్టింది 1970ల ఆరంభంలో.

1967లో వచ్చిన మొదటి డెక్స్‌రాన్‌లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. క్లచ్ ప్లేట్లు పూర్తిగా పట్టుకునే ఆఖరి క్షణంలో రాపిడి ఎగబాకకుండా ఆపి, గేరు కుదుపు లేకుండా పడేలా చేసేది అదే. (అదే ఏడాది ఫోర్డ్ తెచ్చిన టైప్-ఎఫ్ గేర్‌బాక్సు ఆయిల్‌లో ఇలాంటిదేమీ కలపలేదు, టైప్-ఎఫ్ అడిగే గేర్‌బాక్సులో డెక్స్‌రాన్ పోస్తే ప్లేట్లు జారి మాడిపోయే ప్రమాదం ఉంది.) అమెరికా 1970లో ఈ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చాక ఆ నూనె వాడకం ఆగిపోయింది. దాని బదులు వేరే రసాయనాలతో చేసిన డెక్స్‌రాన్-2ను పాతదాని స్థానంలో వాడమని జనరల్ మోటార్స్ చెప్పింది. తీరా చూస్తే అది గేర్‌బాక్సు ఆయిల్‌ను చల్లబరిచే కూలర్‌లోని అతుకుల టంకాన్నే తినేయసాగింది. తుప్పు నిరోధకం కలిపి 2-డి పేరుతో మరో రకాన్ని తేక తప్పలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, 2005లో, డెక్స్‌రాన్-6 వచ్చింది. 2006 చివరికల్లా, ఇతర తయారీదారులు డెక్స్‌రాన్-3 పేరు వాడుకునేందుకు ఇచ్చిన లైసెన్సులు ముగిశాయి. కొత్త ఆయిల్ కాస్త పలచనే అయినా, పాతది వాడకంలో నలిగి పలచబడుతుందనీ, కొత్తది మొదటి చిక్కదనాన్నే నిలుపుకుంటుందనీ, అందువల్ల పాత కార్లకూ అది పనికొస్తుందనీ కంపెనీ మాట.

పాత గేర్‌బాక్సులు విప్పి బాగుచేసే మెకానిక్కులు చాలామంది దీన్ని ఒప్పుకోరు. నూరు డిగ్రీల వేడిలో డెక్స్‌రాన్-3 చిక్కదనం 7 సెంటీస్టోక్సులు (ద్రవాల చిక్కదనానికి కొలత) దాటి ఉండేది; డెక్స్‌రాన్-6కు గరిష్ఠ పరిమితే 6.4. కొత్త గేర్‌బాక్సులో ఈ తేడా లెక్కలోకి రాకపోవచ్చు. లక్ష మైళ్లు తిరిగి పంపు అరిగి, సీళ్లు గట్టిపడి, ఆయిల్‌ను దారులకు పంచే వాల్వ్ బాడీలో సందులు పెరిగినచోట మాత్రం పలచని ఆయిల్ పక్కదారుల్లో కారిపోయి, వేడెక్కాక ప్రెషర్ పడిపోతుందని వారంటారు. కూలర్ల ఉదంతం తెలిసినవారికి ఈ భయం చాదస్తంగా తోచదు.

రంగు చూసి తేల్చుకుందామంటే కుదరదు. ఇంజిన్ నడుస్తుండగా డిప్‌స్టిక్ తీసి తెల్లగుడ్డ మీద తుడిస్తే డెక్స్‌రాన్‌లో ఏ రకమైనా ఎర్రగానే కనిపిస్తుంది. గోధుమరంగుకు తిరిగి మాడువాసన వస్తోందంటే ప్లేట్లు అప్పటికే దెబ్బతిన్నాయేమోనని అనుమానించాలి. డెక్స్‌రాన్-3కు బదులని చెప్పే సీసాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి గానీ, 2006 తర్వాత తయారైన వాటి వెనుక జనరల్ మోటార్స్ లైసెన్సు లేదు. అందుకే జాగ్రత్తపరులైన మెకానిక్కులు సీసా మీది పెద్ద అక్షరాలను వదిలేసి, నూరు డిగ్రీల దగ్గర చిక్కదనం ఎంతో చెప్పే డేటా షీటు అడుగుతారు.