దెయ్యం సంగతి తర్వాత, ముందు ఓడ: పిల్లల సముద్ర సాహస నవలల మీద అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళంలో ఉంటూ పిల్లలకి సముద్రపు దొంగల నవలలు రాస్తాను, వాటిలో రక్తపిశాచులు కూడా ఉంటాయి అని చెబితే ఎదుటివాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత సలహాలిస్తారు. బళ్లలో, లైబ్రరీల్లో పిల్లలతో కథలు చెప్పించే పని కూడా ఉంది కాబట్టి టీచర్ల సందేహాలూ అమ్మానాన్నల భయాలూ నా దాకా వస్తుంటాయి. ఎక్కువగా వినపడేవాటికి జవాబులివి.

అపోహ: ఇదంతా పడమటి సరుకు, మన తీరానికి అతకదు.

పైరేట్ అనగానే కరీబియన్ దీవులే గుర్తుకొస్తే ఆ తప్పు సినిమాలది. ఆ వృత్తిలో అతి పెద్ద దోపిడీల్లో ఒకటి మన వైపు నీళ్లలోనే జరిగింది. 1695లో హెన్రీ ఎవరీ అనే ఇంగ్లీషు దొంగ, మక్కా నుంచి సూరత్ వస్తున్న మొగలుల ఓడ గంజ్-ఇ-సవాయిని కొల్లగొట్టాడు. ఔరంగజేబుకి వచ్చిన కోపానికి ఈస్టిండియా కంపెనీ మూటాముల్లె సర్దుకోవాల్సినంత పనైంది. ఇటు బంగాళాఖాతంలో పోర్చుగీసు దొంగలు, ఇప్పటి మయన్మార్‌లోని అరకాన్ దొంగలు బెంగాల్ ఊళ్ల మీద పడి మనుషుల్నే ఎత్తుకుపోయి అమ్మేవారు. 1666లో మొగలులు ఆ దొంగల స్థావరమైన చిట్టగాంగ్‌ని పట్టుకున్నాకే ఆ జోరు తగ్గింది.

తెలుగు నేల మీద ఇంకా మంచి ఆధారం ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం. తుఫానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా, ఏనుగులూ గుర్రాలూ బంగారంతో సహా, పూర్వపు రాజులు లాగేసుకునేవారనీ, తాను మాత్రం సుంకం తప్ప మరేమీ తీసుకోననీ ఆయన అందులో చెప్పుకున్నాడు. అంటే ఒకప్పుడు దొంగ కిరీటం పెట్టుకుని ఒడ్డునే కూర్చునేవాడన్నమాట. నవల రాసేవాడికి ఇంతకంటే మంచి విలన్ ఎక్కడ దొరుకుతాడు?

ఇక పిశాచి సంగతంటారా, శవంలో దూరి కథలు చెప్పే బేతాళుణ్ణి చందమామ ఏళ్ల తరబడి నెలనెలా చెట్టు దింపింది. అందులోనే దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లలో మాంత్రికుల కోసం, రాక్షసుల కోసం పిల్లలకంటే ముందు పెద్దలే పత్రిక లాక్కున్నారు. ఇప్పుడు అభ్యంతరం చెప్పేవాళ్లలో వాళ్లు కూడా ఉన్నారు, అది వేరే సంగతి.

అపోహ: గురజాడ, చాసో, కారా నడిచిన నేల మీద కష్టజీవుల బతుకు రాయాలి గానీ దెయ్యాల ఓడలేమిటి?

ఇది తోటి రచయితల దెప్పు. కారా మాస్టారు 1997లో తెలుగు కథల కోసం కథానిలయం అనే లైబ్రరీ పెట్టిన ఊళ్లో ఉంటున్నాను కాబట్టి ఇంకాస్త గట్టిగానే పడుతుంది.

మా జిల్లా మత్స్యకారులు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోతారు. 2018 చివర్లో అలా వెళ్లినవాళ్లలో కొందరిని సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. నీళ్ల మీద కంటికి కనపడని గీత, అది దాటితే మనిషి మాయం, ఇంటి దగ్గర ఏడాదికి పైగా ఎదురుచూపు. తీరం ఊళ్లలో పిల్లలకి ఇది పేపర్లో వార్త కాదు. దీన్ని ఉన్నదున్నట్టు చెప్పబోతే తలొంచుకుంటారు. నావికుణ్ణి పొగమంచు ఓడ ఎత్తుకుపోయింది, అతని కూతురు వెతకడానికి బయల్దేరింది అని మొదలుపెడితే మాత్రం దగ్గరికి జరుగుతారు, మధ్యలో అడ్డం పడి ప్రశ్నలేస్తారు. కష్టజీవుల కథ రాయలేదని నన్నెవరైనా అంటే ఆ ప్రశ్నలు వినిపించాలనిపిస్తుంది.

అపోహ: ఒంటికన్ను, భుజమ్మీద చిలక, నిధి మ్యాపు ఉంటే పైరేట్ కథ అయిపోయినట్టే.

ఆ సామగ్రిలో చాలా భాగం 1883లో పుస్తకంగా వచ్చిన ట్రెజర్ ఐలాండ్ నవలది. గుర్తు పెట్టిన మ్యాపు, చిలక, ఒంటికాలి నావికుడు జనం బుర్రలో పాతుకుపోయింది అక్కడి నుంచే. బందీల్ని చెక్క పలక మీద నడిపించి సముద్రంలోకి తోయడం కూడా చాలామట్టుకు కథల్లోదే. అసలు దొంగలు నిధి పాతిపెట్టిన సందర్భాలు బహు తక్కువ. వాళ్లకి దొరికేది బట్టలు, చక్కెర, తాళ్లు, తెరచాప గుడ్డ. దొరికినదాన్ని పంచుకుని ఖర్చుపెట్టేసేవారు. 1718లో బ్లాక్‌బియర్డ్ అనే దొంగ అమెరికాలోని చార్ల్‌స్టన్ రేవుని దిగ్బంధం చేసి, బందీల్ని పట్టుకుని, అడిగింది ఏమిటో తెలుసా? ఒక మందుల పెట్టె!

నన్ను బాగా ఆకట్టుకునేవి వాళ్ల కట్టుబాట్లు. కెప్టెన్‌ని ఓట్లేసి ఎన్నుకునేవారు, నచ్చకపోతే దింపేసేవారు. 1722లో చనిపోయిన బార్తలోమ్యూ రాబర్ట్స్ అనే దొంగ ఓడ నియమాలు ఇప్పటికీ చదువుకోవచ్చు. ప్రతివాడికీ ఓటు. డబ్బు పెట్టి జూదం ఆడకూడదు. పోట్లాటలో కాలో చెయ్యో పోతే ఉమ్మడి సొమ్ములోంచి పరిహారం. వాయిద్యాలవాళ్లకి ఆదివారం సెలవు. రాత్రి ఎనిమిదింటికి ఓడ లోపల దీపాలన్నీ ఆర్పేయాలి, ఆ తర్వాత తాగాలనుకునేవాడు పైకెళ్లి చీకట్లో తాగాలి.

ఈ చివరి నియమాన్ని రక్తపిశాచి కథ రాసేవాడి కళ్లతో ఒకసారి చూడండి. ఎనిమిది దాటితే ఓడ కడుపంతా చిమ్మచీకటి. దీపం వెలిగిస్తే తోటివాళ్లే శిక్షిస్తారు. వెలిగించకపోతే పక్కన పడుకున్నది ఎవరో తెలియదు. నేను కూర్చుని ఎంత ఊహించినా ఇంత మంచి ఇరకాటం తట్టేది కాదు.

అపోహ: ఫాంటసీయే కదా, ఏమైనా రాసేయొచ్చు.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే మాట ఇది. పిల్లలు రక్తపిశాచిని నమ్మేస్తారు, పేచీ పెట్టరు. గాలికి ఎదురుగా తెరచాప ఎత్తి ఓడని తిన్నగా నడిపించారనుకోండి, తీరం ఊరి పిల్లాడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. కల్పన ఒక్కటే ఉండాలి, దాని చుట్టూ ఉన్న తాడు, చెక్క, నీళ్లు, ఆకలి అన్నీ నిజంగా ఉండాలి.

పిశాచికి కూడా నియమాలుండాలి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో రాసేవాడికి తెలియాలి. పగటి వెలుగు తగిలితే బూడిదైపోవడం పాత సంప్రదాయమని చాలామంది అనుకుంటారు. 1897 నాటి డ్రాకులా నవలలో ఆ పేరుగల పిశాచి పగలు తిరుగుతాడు, కాకపోతే బలం తగ్గుతుంది. తెల్లవారి ఎండ తగిలి పిశాచి చావడం 1922 నాటి ఒక జర్మన్ మూకీ సినిమాతో పాతుకుంది. డ్రాకులా నవలలోనే సముద్రం మీద రాసేవాళ్లకి బంగారంలాంటి నియమం ఇంకోటుంది. అతను పారే నీటిని ఎప్పుడంటే అప్పుడు దాటలేడు, పోటు వేళో, నీరు కదలక నిలిచిన వేళో దాటాలి.

దీన్ని కళింగపట్నం వైపు ఒక బడిలో చెప్పాను. ఓడలోని పిశాచి ఊళ్లోకి రావాలంటే వంశధార మొగ దాటాలి అనుకున్నాం. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ సాయంత్రం ఆరింటికి పోటు నిలిస్తే వారం తర్వాత ఎప్పుడు? బోర్డు మీద లెక్కేశారు. అర్ధరాత్రికి పది నిమిషాల ముందు! క్లాసంతా ఒక్కసారి గొల్లుమంది. ఎందుకంటే మొదటి రోజు పిశాచి దాటితే అందరూ మెలకువగానే ఉంటారు, వారం తర్వాతైతే ఊరు నిద్రలో ఉంటుంది. కథ దానంతట అదే నడవడం మొదలైంది.

అప్పుడు వెనక బెంచీలోంచి వేటకెళ్లే ఇంటి పిల్లాడొకడు లేచాడు. "మాస్టారూ, వంశధారకి వరదొచ్చినప్పుడో? పోటొచ్చినా నీరు సముద్రంలోకే పోతాది కదా. ఆగదు." అంతే, ఊరు బతికింది. వరద పోటెత్తినన్నాళ్లూ నది మొగలో నీరు నిలవదు, పిశాచి దాటలేడు. అందరూ తిట్టుకునే వరద ఊరికి కాపలా అయింది. ఆ పిల్లాడికి చెప్పే ఆ మలుపుని తర్వాత నవలలో వాడుకున్నాను.

లెక్క ఇంకోటి. ఓడ మీద పిశాచి ఎవర్ని తింటాడు? డ్రాకులా ఎక్కిన ఓడలో కెప్టెన్‌తో కలిపి తొమ్మండుగురు. ఒక్కొక్కరే మాయమవుతుంటే మిగిలినవాళ్లు ఓడ నడపలేక అల్లాడతారు. చివరికి చక్రానికి కట్టుకున్న కెప్టెన్ శవంతో ఓడ ఇంగ్లండ్‌లోని విట్బీ రేవుకి కొట్టుకొస్తుంది. 1885లో అక్కడ నిజంగానే ఒక రష్యన్ ఓడ ఒడ్డుకెక్కింది, 1890లో ఆ ఊరికి వెళ్లిన రచయిత బ్రామ్ స్టోకర్ ఆ సంగతి తెలుసుకుని వాడుకున్నాడు. మీ ఓడలో ఎంతమంది, తెరచాప దించాలంటే ఎంతమంది కావాలి, పిశాచి వారానికి ఒకరిని తింటే ఓడ ఎన్నాళ్లు తేలుతుంది, ఇవి ముందే కాగితం మీద వేసుకోండి. తెలివైన పిశాచి అందర్నీ తినడు. తినకుండా ఉండలేకపోవడమే కథ.

ఇంకో మంచి సరుకు స్కర్వీ జబ్బు. నెలల తరబడి తాజా పళ్లూ కూరలూ లేక నావికుల చిగుళ్లు వాచి రక్తం కారేది. 1747లో జేమ్స్ లిండ్ అనే డాక్టర్ 12 మంది రోగులకి జతలుగా వేర్వేరు వైద్యాలు చేసి చూశాడు. నారింజ, నిమ్మకాయలు తిన్న ఇద్దరు త్వరగా లేచి తిరిగారు. ఇప్పుడు ఆ చీకటి ఓడలో నోటి వెంట రక్తం కారుతున్న మనిషిని ఊహించుకోండి. పిశాచా, రోగా? మన దగ్గర పడవ ముందు దిష్టికి నిమ్మకాయలు కడతారు కాబట్టి ఈ ఘట్టంలో వెల్లుల్లి అవసరమే రాలేదు నాకు.

అపోహ: పిల్లలు జడుసుకుంటారు, రాత్రి నిద్రపోరు.

కొందరు జడుసుకుంటారు, నిజమే. అయితే 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను, ఉద్దానంలో నేలకొరిగిన కొబ్బరి, జీడి తోటల కబుర్లు ఇంట్లో వింటూ పెరిగిన పిల్లలకి భయం కొత్తేమీ కాదు. పుస్తకంలో భయానికి ఒక సౌకర్యం ఉంది, పేజీ తిప్పాలో వద్దో వాళ్ల చేతిలోనే ఉంటుంది.

నేను పెట్టుకున్న హద్దులు మాత్రం గట్టివి. ఎనిమిది, తొమ్మిదేళ్లవాళ్లకి రాసేటప్పుడు పిశాచి ఓడ దిగదు. వాళ్లు పడుకునే గదిలాంటి గదిలోకి, అమ్మ పక్కలోకి రానే రాదు. కాటు చూపించను, మర్నాడు ఖాళీగా ఉన్న నావికుడి ఉయ్యాల పడకని చూపిస్తాను. పదకొండు దాటినవాళ్లకి ఇంకాస్త వదులు. ఒక పిల్ల నిజంగా బెదిరిపోతే పుస్తకం పక్కన పెట్టేయమని నేనే చెబుతాను. అందరికీ అన్ని పుస్తకాలూ పడాలని రూలేం లేదు.

అపోహ: ఇవి మగపిల్లల పుస్తకాలు.

1720లో పట్టుబడ్డ దొంగల్లో ఆన్ బానీ, మేరీ రీడ్ ఉన్నారు. చైనా తీరంలో వందల ఓడల దొంగల దండుని నడిపించి, 1810లో ప్రభుత్వంతో బేరమాడి మరీ లొంగిపోయింది ఝెంగ్ యీ అనే దొంగల నాయకుడి భార్య. నా క్లాసుల్లో పుస్తకం ఇంటికి అడిగి పట్టుకెళ్లేది ఎక్కువగా ఆడపిల్లలే.

అపోహ: దొంగని హీరోని చేస్తే దొంగతనం నేర్పినట్టే.

ఈ భయంలో కొంత న్యాయం ఉంది. ఓట్లు, పరిహారాలు చెప్పి ఊరుకుంటే పైరేట్లు మంచి సంఘం పెట్టుకున్న పెద్దమనుషుల్లా కనిపిస్తారు. బ్లాక్‌బియర్డ్ పెద్ద ఓడ అంతకుముందు ఫ్రెంచివాళ్ల బానిసల ఓడ. దొంగలు చాలామంది ఆ మనుషుల్ని కూడా సరుకులాగే అమ్ముకున్నారు. నా నవలలో దొంగల నాయకుడు జోకులేస్తాడు, వంట బాగా చేస్తాడు, పిల్లలకి నచ్చుతాడు. కానీ అతని ఓడ అడుగున గొలుసులు తగిలించే ఇనప రింగులు వరసగా అలాగే ఉంటాయి. అవెందుకని కథలో పిల్ల అడుగుతుంది, అతను మాట మారుస్తాడు. చదివే పిల్లలు మాత్రం వదలరు, టీచర్ని అడుగుతారు.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. కాన్హోజీ ఆంగ్రేని ఇంగ్లీషువాళ్లు పైరేట్ అని రాసుకున్నారు, మరాఠాలకి ఆయన నౌకాదళాధిపతి. పెద్ద క్లాసుల పిల్లలు దీని మీద గంటసేపు వాదించుకోగలరు.

అపోహ: ఫోన్లొచ్చాక పిల్లలు లావు పుస్తకాలు చదవరు.

లావు కాదు సమస్య, అధ్యాయం పొడవు. ఒక్కసారి కూర్చుంటే పూర్తయ్యేలా రాసి, చివర్లో తలుపు చప్పుడు వినిపించి ఆపేయండి.

అపోహ: సముద్రం మీద తిరిగినవాళ్లే ఇలాంటివి రాయగలరు.

తిరగక్కర్లేదు, అడగాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం. బోట్లు ఒడ్డునుంటాయి, మనుషులు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు, బళ్లకీ సెలవులే. భావనపాడు వెళ్లండి, బారువ వెళ్లండి, విజయనగరం వైపైతే చింతపల్లి లైట్‌హౌస్ దగ్గరికి వెళ్లండి. కథలు చెప్పమని అడిగితే నవ్వేసి ఊరుకుంటారు. పని గురించి అడగండి. చీకట్లో ఒడ్డు ఎటుందో ఎలా తెలుస్తుంది? ఇంజిన్ ఆగిపోతే ముందు ఏం చేస్తారు? నీళ్లు అయిపోతే? వలలో బరువైనదేదో పడి పైకి రాకపోతే కోసేస్తారా, లాగుతారా? ఆ ఆఖరి ప్రశ్నకి ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు, రాసుకోవడానికి కాగితాలు ఎక్కువే పట్టుకెళ్లండి.