తెల్లమచ్చల మనీ ప్లాంట్ పెంచే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

వేలాడే మీ మనీ ప్లాంట్ ఆకు ఒకటి, తెంపకుండానే చేతిలోకి తీసుకుని చూడండి. పచ్చటి ఆకు మీద పాలు ఒలికినట్టు తెల్లమరకలు ఉన్నాయి కదా. ఈ రకాన్ని మార్బుల్ క్వీన్ అంటారు. తెల్లగా ఉన్నచోట పత్రహరితం ఉండదు, కాబట్టి ఆ భాగం వెలుతురుతో ఆహారం తయారు చేసుకోలేదు. పక్కనున్న పచ్చభాగమే తనకూ దానికీ కలిపి సంపాదించి పెట్టాలి. సంపాదించేది ఒకరు, తినేవాళ్లు ఇద్దరు. అందుకే మామూలు మనీ ప్లాంట్ కంటే ఇది నెమ్మదిగా పెరుగుతుంది. దీని బాగోగులన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

ముందు వెలుతురు. పచ్చ మనీ ప్లాంట్ చీకటి మూలలోనూ ఎలాగో బతికేస్తుంది, ఇది మాత్రం అక్కడ చిక్కిపోతుంది. కొత్త ఆకులు చిన్నవిగా వస్తాయి, కణుపుకీ కణుపుకీ మధ్య తీగ బారుగా సాగుతుంది, మచ్చలూ తగ్గుతాయి. పగటిపూట ఆకులకు ఒక అడుగు పైన చెయ్యి చాపండి. నీడ అంచులు మసకగా పడితే వెలుతురు సరిపోయినట్టే. గీత గీసినట్టు పడితే నేరుగా ఎండ తగులుతోందని అర్థం. తెల్లభాగం ముందు మాడి, గోధుమరంగులో కాగితంలా పెళుసవుతుంది. మాడిన మచ్చ మళ్లీ మామూలుగా అవదు. మొక్కను కిటికీకి కాస్త ఎడంగా జరపండి, లేదా మధ్యలో పల్చటి తెర వెయ్యండి.

ఈ మొక్క ఎండిపోయి చావడం అరుదు, నీళ్లెక్కువై చచ్చేవే ఎక్కువ. నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి నీళ్లూ తక్కువే తాగుతుంది. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేళ్లకు గాలి అందదు, ఊపిరాడక కుళ్లిపోతాయి. రోజులు లెక్కపెట్టి పొయ్యకండి. వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దించండి. చల్లగా తగిలి, మట్టి వేలికి అంటుకుంటే ఆగండి. పొడిగా ఉంటే కింది చిల్లుల్లోంచి కారేదాకా పోసి, అరగంట తర్వాత పళ్లెంలో మిగిలిన నీళ్లు పారబొయ్యండి.

ఆకులు వాలిపోయాయని వెంటనే చెంబు అందుకోవద్దు. మట్టి పొడిగా ఉంటే అది దాహమే. నీళ్లు పోస్తే కొన్ని గంటల్లో తేరుకుంటుంది. మట్టి తడిగా ఉండి కూడా ఆకులు వాలుతున్నా, ఒకేసారి నాలుగైదు పండినా వేరుకుళ్లు పట్టిందేమో చూడాలి. కుండీలోంచి మొక్కను తీసి వేళ్లు తడమండి. మంచి వేరు గట్టిగా, లేతరంగులో ఉంటుంది. కుళ్లినది నల్లబడి, పట్టుకుంటే పైపొర ఊడి చేతికొస్తుంది. అలాంటివన్నీ శుభ్రమైన కత్తెరతో తీసేసి కొత్త మట్టిలో నాటండి. కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) రెండు పాళ్లు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతిగుళికలు) ఒక పాలు, బాగా మాగిన కంపోస్టు ఒక పాలు కలిపితే నీళ్లు నిలవవు. కుండీ మరీ పెద్దది వద్దు. వేళ్లు తాగలేనంత తడి అందులో మిగిలిపోతుంది. ఎరువు పెరిగే కాలంలో నెలకోసారి, డబ్బా మీద చెప్పినదాంట్లో సగం మోతాదు చాలు.

అప్పుడప్పుడు ఒక తీగ పూర్తిగా పచ్చటి ఆకులే వేస్తుంది. చూడ్డానికి మహా ఆరోగ్యంగా ఉంటుంది, కానీ ముద్దు చెయ్యకండి. దాని ఆకులన్నీ సంపాదించేవే కనుక గబగబా పెరిగి మచ్చల తీగలను మింగేస్తుంది. చివరి మచ్చల ఆకు దాకా వెనక్కి కత్తిరించండి. కత్తిరించే ముందు కాండాన్ని దగ్గరగా చూడండి, దాని మీదా తెల్లచారలు సాగుతుంటాయి. తెలుపూ పచ్చా రెండూ ఉన్న కణుపు పైన కోస్తే, మచ్చల చిగురు వచ్చే అవకాశం ఎక్కువ. పూర్తిగా తెల్లటి చిగురు అందంగా ఉన్నా తన తిండి తాను సంపాదించుకోలేదు. దాన్ని విడిగా నాటితే బతకదు.

ఆకు కాడ కాండాన్ని కలిసే మూలలో దూదిలాంటిది కనిపిస్తే అది పిండినల్లి అనే పురుగు. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, వారానికోసారి మళ్లీ వెతకండి. ఆకుల మీది దుమ్ము తడిగుడ్డతో తుడవండి. ఉన్న కాస్త పచ్చదనానికీ దుమ్ము అడ్డమే.

కోసేటప్పుడు ఒక జాగ్రత్త. ఇది చేమ, కంద కుటుంబం మొక్క. రసంలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. నోట్లో పడితే మంట, వాపు. చేతులు కడుక్కోకుండా కళ్లు నలుపుకోవద్దు. పిల్లికీ కుక్కకీ, పాకే పాపాయికీ అందని ఎత్తులో వేలాడదియ్యండి.

కొన్నాళ్లకు తీగలు కిందికి బారుగా సాగి, కుండీ పైభాగం బోడిగా మిగులుతుంది. అప్పుడు తీగను కోసి, ఒక్కో ముక్కకు ఒకటి రెండు కణుపులు, కనీసం ఒక ఆకు ఉండేట్టు చూడండి. కణుపు దగ్గర గోధుమరంగు బొడిపె ఉంటుంది, వేరు వచ్చేది అక్కడే. కణుపు లేని ఒట్టి ఆకు వేరు పోసుకున్నా కొత్త తీగ వెయ్యదు. కణుపు నీళ్లలో, ఆకు బయట ఉండేలా గాజు సీసాలో పెట్టి, నాలుగైదు రోజులకోసారి నీళ్లు మార్చండి. రెండు నుంచి నాలుగు వారాల్లో వేళ్లొస్తాయి. అవి రెండంగుళాలు కాగానే అదే కుండీలో బోడిగా ఉన్నచోట నాటి, మొదటి రెండు వారాలు మట్టిని కాస్త తడిగా ఉంచండి. నీళ్లలో పెరిగిన వేళ్లు మట్టికి అలవాటు పడాలి కదా.

ఇట్లు,
మీ అమ్మమ్మ