బేస్ పికప్ మారిస్తే మెటల్ సౌండ్ వచ్చేస్తుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నా రిపేరు బల్ల మీదికి బేస్ గిటార్ వచ్చిందంటే సగంసార్లు ఒకటే మాట: "అన్నా, బాగా హాట్‌గా ఉండే పికప్ వెయ్యి, మేం మెటల్ వాయిస్తాం." పికప్ అంటే తీగల కింద ఉండి వాటి ఊపును కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి తీగచుట్ట (కాయిల్). హాట్ అంటే ఎక్కువ సిగ్నల్ ఇచ్చేది, మెటల్ అంటే హెవీ మెటల్ రాక్. ఇంకొంచెం కదిపితే అసలు బాధ బయటపడుతుంది. రెండు గిటార్లు, డ్రమ్స్ మొదలయ్యాక బేస్ ఎవరికీ వినబడటం లేదు.

అపోహ: పికప్ ఓమ్స్ (మల్టీమీటర్ చూపించే రెసిస్టెన్స్) ఎక్కువ ఉంటే సౌండ్ అంత హెవీ.

కాయిల్ తీగ సన్నగా ఉంటే చుట్లు పెంచకపోయినా ఓమ్స్ పెరుగుతాయి. అయస్కాంతం ఎంత బలమైనదో మల్టీమీటర్ చెప్పదు. చుట్లు నిజంగానే పెరిగితే అవుట్‌పుట్ పెరుగుతుంది గానీ, పై ఫ్రీక్వెన్సీలు మందగిస్తాయి. మెటల్‌లో పిక్ (తీగ మీటే ముక్క) తగిలినప్పుడు వచ్చే ఆ 'టక్' శబ్దమే డబుల్ కిక్ (రెండు కాళ్లతో వాయించే కిక్ డ్రమ్) మధ్యలో మీ నోట్‌ని విడిగా వినిపిస్తుంది. అది పోగొట్టుకుని అవుట్‌పుట్ కొనుక్కోవడం నష్టబేరం. ఆంప్ మీద గెయిన్ నాబ్ ఊరికే ఉంది కదా! పైగా బేస్‌లో 9 వోల్టుల ప్రియాంప్ (సిగ్నల్‌ని ఆంప్‌కి ముందే పెంచే సర్క్యూట్) ఉంటే మరీ హాట్ సిగ్నల్ అక్కడే క్లిప్ అవుతుంది, అంటే హద్దు దాటి చిట్లుతుంది. డిస్టార్షన్ పెడల్‌కి చేరేసరికే ముద్ద.

అపోహ: మెటల్ అంటే యాక్టివ్ (తనకే బ్యాటరీ కావాల్సిన) పికప్పే.

ఐరన్ మెయిడెన్ అనే మెటల్ బ్యాండ్ బేసిస్ట్ స్టీవ్ హారిస్ చేతిలో ఉండేది ఫెండర్ వారి ప్రెసిషన్ బేస్. ఆయన పేరుతో సీమోర్ డంకన్ అనే కంపెనీ చేసే పికప్ పాసివ్, అంటే బ్యాటరీ అక్కర్లేనిది. రెండు ముక్కలుగా ఉండే ఆ స్ప్లిట్ కాయిల్ డిజైన్ 1957 నాటిది.

ఇక్కడే ఇంకో గందరగోళం. బేస్‌లో బ్యాటరీ ఉన్నంత మాత్రాన పికప్ యాక్టివ్ అయిపోదు. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే బేస్‌లో పికప్ పాసివ్, ప్రియాంప్ యాక్టివ్. ఈఎంజీ కంపెనీ యాక్టివ్ పికప్పుల్లో ప్రియాంప్ పికప్ లోపలే ఉంటుంది, వాటికి 25కే (25 కిలో ఓమ్స్) పాట్లు, అంటే నాబ్‌ల కింద ఉండే రెసిస్టర్లు, వేయాలి. పాత 250కే పాట్లు అలాగే ఉంచితే వాల్యూమ్ నాబ్ స్విచ్‌లా పనిచేస్తుంది: అయితే ఫుల్, లేకపోతే నిల్.

అపోహ: లో-బి తీగ (ఐదు తీగల బేస్‌లో అన్నిటికంటే లావుది) గట్టిగా పలకాలంటే దానికోసం ప్రత్యేకమైన పికప్ కావాలి.

అందరికంటే ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఐదు తీగలవాళ్లే. లో-బి సుమారు 31 హెర్ట్జ్, దాన్ని ఎ స్వరానికి దించితే 27.5. పికప్ తన రంగు చూపించేది వేల హెర్ట్జ్‌ల దగ్గర. అడుగున దాదాపు అన్ని పికప్పులూ ఒకేలా పట్టుకుంటాయి. తీగ పికప్ అంచు దాటి బయటికి పోకుండా ఉంటే చాలు. తీగే వదులుగా కొట్టుకుంటుంటే పికప్ ఏం చేస్తుంది? 34 అంగుళాల స్కేల్ (తీగ ఊగే పొడవు) మీద 125 తీగ తీసి 135 వేసి చూడండి, ఈ అంకెలు అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ మందం. పికప్ ఖర్చులో చిన్న వంతుతో పని అయిపోవచ్చు.

అపోహ: పికప్ తీగలకు ఎంత దగ్గరగా ఉంటే అంత పంచ్.

అయస్కాంతం తీగను లాగుతుంది. నోట్ త్వరగా చచ్చిపోతుంది, పై ఫ్రెట్ల దగ్గర శ్రుతి తేడాగా వినిపిస్తుంది. చివరి ఫ్రెట్ నొక్కి, తీగకీ పికప్‌కీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీతో మొదలుపెట్టి చెవితో సరిచేసుకోండి.

అపోహ: సోప్‌బార్ (సబ్బుబిళ్ల ఆకారపు పికప్) ఏదైనా సోప్‌బారే.

ఈ తప్పు నేనే చేశాను. ఐదు తీగల బేస్ కదా, 40 సైజే అయి ఉంటుందనుకుని కొలవకుండా ఆర్డర్ పెట్టాను. ఈఎంజీ లెక్కలో 35 అంటే మూడున్నర అంగుళాల పొడవు, 40 అంటే నాలుగు. బాడీలో గుంట 35ది. కస్టమర్ ముందు ఉలి బయటికి తీయాల్సి వచ్చింది, ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది.

ఆ గుంట ఎక్కడుందన్నది కూడా ముఖ్యమే. బ్రిడ్జ్ (తీగలు బాడీకి ఆనే చోటు) పక్కనున్న జాజ్ బేస్ (ఫెండర్ వారి ఇంకో మోడల్) పికప్ స్థానంలో ఎంత ఖరీదైనది పెట్టినా ప్రెసిషన్ బేస్ లావు సౌండ్ రాదు, తీగ అక్కడ ఊగే తీరే వేరు.

మరి నేనేం వేస్తాను? ముందు కొత్త స్టీల్ తీగలు వేసి, ఎత్తు సరిచేసి, వారం వాయించమంటాను. అప్పటికీ బేస్ మునిగిపోతుంటే మిడ్స్ (మధ్య ఫ్రీక్వెన్సీలు) ముందుకొచ్చే స్ప్లిట్ కాయిల్ ఒకటి, మామూలు అవుట్‌పుట్‌దే. జాజ్ బేస్ వాళ్ల గోల వేరే ఉంటుంది. ఒక్క సింగిల్ కాయిల్ పికప్ మీదే హై గెయిన్ పెడితే మన కరెంటు 50 హెర్ట్జ్ హమ్ (గుయ్యిమనే మోత) మొత్తం పాటలోకి వచ్చేస్తుంది. వాళ్లకి మాత్రం హమ్ లేని పికప్పులు మార్చమని నేనే చెబుతాను.