బేరియాట్రిక్ శస్త్రచికిత్స తరువాత భోజనం, రుచి: అపోహలు - వాస్తవాలు

బరువు తగ్గే శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు ఎన్ని కిలోలు తగ్గుతామన్న ప్రశ్నను అందరి ముందూ అడుగుతారు. మళ్ళీ రుచిగా తినగలమా అన్న ప్రశ్నను మాత్రం ఇంట్లోవాళ్ళు గది దాటాక, గొంతు తగ్గించి అడుగుతారు. పోషకాహార నిపుణురాలిగా నా సమాధానం ఒక్కటే: తినగలరు, తినాలి కూడా. తిండిలో సంతోషం పూర్తిగా కరువైన మనిషి ఏ నియమాన్నీ ఏళ్ళ తరబడి పాటించలేరు. కనుక ఆ సంతోషాన్ని చికిత్సలో భాగంగానే చూడాలని నా గట్టి నమ్మకం. అయితే అది మునుపటి కొలతలోనూ మునుపటి వేగంతోనూ రాదు.

ముందుగా శరీరంలో జరిగే మార్పు తెలియాలి. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అనే రకం శస్త్రచికిత్సలో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతాన్ని తొలగించి, మిగిలినదాన్ని సన్నని గొట్టం ఆకారంలో ఉంచుతారు. ఆకలిని పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం కూడా దానితోపాటే పోతుంది కనుక మొదటి నెలల్లో ఆకలి బాగా తగ్గుతుంది. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయపు పై కొసన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, దానిని నేరుగా చిన్నప్రేగుకు కలుపుతారు.

అపోహ: ఆపరేషన్ అయినవారు జీవితాంతం జావలు, రసాలతోనే గడపాలి.

వాస్తవం: ద్రవాహారం కొద్ది వారాల ముచ్చటే. మొదటి ఒకటి రెండు రోజులు నీళ్ళు, కారం లేని వడకట్టిన పప్పుకట్టు వంటివి గుక్కగుక్కగా ఇస్తారు. తరువాత సుమారు రెండు వారాల వరకు పలచని మజ్జిగ, వెన్న తీసిన పాలు, ప్రొటీన్ పొడి కలిపిన పానీయాలు ఉంటాయి. ఆ పైన మెత్తగా మెదిపిన ముద్దపప్పు, పెరుగు, గుడ్డు. అటుపై మెత్తని చేప, పనీర్, బాగా ఉడికిన సొరకాయ, బీరకాయ. దాదాపు రెండు నెలలు గడిచాక చాలామంది ఇంట్లో అందరికీ వండిన వంటనే తక్కువ నూనెతో, తక్కువ పరిమాణంలో తినగలుగుతారు. ఆసుపత్రిని బట్టి ఈ వారాలు కొంత అటూఇటూ అవుతాయి కనుక మీ సర్జన్ ఇచ్చిన పట్టికనే పాటించండి. పక్కింటివారి పట్టికను కాదు.

అపోహ: నాలుకకు రుచి తెలియకుండా పోతుంది.

వాస్తవం: రుచి మారుతుంది, పోదు. ఇంతకుముందు ఇష్టంగా తిన్న మిఠాయి వెగటుగా తోచవచ్చు, వేపుడు వాసన తలుపు దగ్గరే కడుపులో తిప్పవచ్చు, మాంసం మీద మనసు విరగవచ్చు. చాలామందిలో ఇవి కొన్ని నెలల్లో సర్దుకుంటాయి. అందుకే ఒక పదార్థం ఈ వారం సయించకపోతే దానిని శాశ్వతంగా వదిలేయవద్దని, కొన్ని వారాల తరువాత చెంచాడు మళ్ళీ రుచి చూడమని చెబుతాను. ఇంకొక సంగతి కూడా ఉంది. ఏ వంటకమైనా అత్యంత రుచిగా ఉండేది మొదటి నాలుగైదు ముద్దల్లోనే. ఆ పైన తినేది చాలావరకు అలవాటు కొద్దీ తినేదే. పరిమాణం తగ్గినవారికి ఆ మొదటి ముద్దలు మిగిలే ఉంటాయి. మసాలాలు, పులుపు కూడా శాశ్వతంగా నిషిద్ధం కావు: గాయం మానాక, సర్జన్ సరేనన్నాక, ముందు జీలకర్ర, ధనియాలు, అల్లం, తరువాత కొద్దిగా చింతపండు పులుసు, చివరగా మిరపకారం, ఒకటొకటిగా మళ్ళీ వంటలోకి తెచ్చుకోవచ్చు. పెరుగుతో కలిపి పావు చెంచా ఆవకాయ తిన్న రోజున కొందరి ముఖంలో వచ్చే వెలుగును నేను చాలాసార్లు చూశాను. మంట లేకుండా అరిగితే దానిని కాదనడానికి నాకు కారణం కనిపించదు.

అపోహ: ఎలాగూ కొంచెమే పడుతుంది కనుక ఏది తిన్నా ఫరవాలేదు.

వాస్తవం: కడుపులో చోటు తక్కువైనప్పుడే ఆ చోటును దేనితో నింపుతున్నామన్నది ముఖ్యమవుతుంది. సాధారణంగా రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అందాలి. లేకపోతే కొవ్వుతోపాటు కండరం కూడా తగ్గిపోతుంది. కాబట్టి ముందు పప్పు, గుడ్డు, చేప, చికెన్ లేదా పనీర్, తరువాత కూరగాయ, చోటు మిగిలితే అన్నం. మన ఇళ్ళలో ఇది అంత తేలిక కాదు, ఎందుకంటే మనం కూరను అన్నంలోకి కలుపుకోవడానికే వండుకుంటాం. అన్నం లేకుండా పప్పును చెంచాతో తినడం మొదట్లో వింతగా ఉంటుంది, కొందరికి భోజనం చేసినట్టే అనిపించదు. పప్పులో నేతి తాలింపు కొద్దిగా ఘాటుగా, ఉప్పు కాస్త తక్కువగా పెడితే అది ఒంటరిగా కూడా నోటికి రుచిస్తుంది.

పైగా శస్త్రచికిత్స తరువాత మొదటి నెలల్లో అన్నం, బ్రెడ్, చపాతీ ఇబ్బంది పెట్టే పదార్థాలలో ముందుంటాయి. సరిగా నమలని ముద్ద సన్నని దారిలో ఆగిపోతుంది: రొమ్ము ఎముక వెనుక గట్టిగా పట్టేసినట్టుంటుంది, నోట్లో నీళ్ళూరి నురగలా పైకి వస్తుంది, లేచి నిలబడితే తప్ప ఊపిరాడనట్టు అనిపిస్తుంది. దానిని దించడానికి నీళ్ళు తాగితే బాధ పెరుగుతుంది. ఆగి, నిటారుగా కూర్చొని, అది దిగేవరకు ఏమీ తీసుకోకుండా ఉండాలి. ఇది రాకుండా ఉండాలంటే పిల్లలకు వాడే చిన్న చెంచా, చిన్న గిన్నె పెట్టుకొని, ప్రతి ముద్దను ఇరవై ముప్పైసార్లు నమిలి, చెంచా కిందపెట్టి, భోజనానికి 20 నుంచి 30 నిమిషాలు కేటాయించాలి. కడుపు నిండిందన్న సూచన కూడా ఇప్పుడు వేరుగా వస్తుంది. కొందరికి ఒక్క వెక్కిలి వస్తుంది, కొందరికి ముక్కు కారుతుంది, కొందరికి లోతైన నిట్టూర్పు వస్తుంది. ఆ సూచన వచ్చాక తిన్న ఒక్క ముద్ద భోజనమంతటి సుఖాన్నీ చెడగొడుతుంది.

దీనికి పూర్తి భిన్నంగా కారప్పూస, మిక్చర్, బిస్కెట్లు, ఐస్‌క్రీమ్ ఏ అడ్డూ లేకుండా జారిపోతాయి. గంటకోసారి గుప్పెడు చొప్పున తినేవారికి కడుపు నిండిన భావన ఎప్పటికీ కలగదు, తగ్గిన బరువు మళ్ళీ పెరగడానికి నేను ఎక్కువగా చూసే దారి ఇదే.

అపోహ: భోజనం మధ్యలో నీళ్ళు తాగితే తేలిగ్గా దిగుతుంది.

వాస్తవం: తాగకూడదు. తిన్న తరువాత సుమారు అరగంట ఆగి, రోజంతా గుక్కలుగా కనీసం లీటరున్నర తీసుకోవాలి.

అపోహ: ఒక్క బొబ్బట్టు తిన్నా ఆపరేషన్ వృథా అవుతుంది.

వాస్తవం: ఒక తీపి ముక్క శస్త్రచికిత్సను పాడుచేయదు. కానీ ముఖ్యంగా బైపాస్ అయినవారిలో, గాఢమైన చక్కెర ఒక్కసారిగా చిన్నప్రేగులోకి దిగితే, పది నుంచి ముప్పై నిమిషాల్లో గుండె దడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనం, కళ్ళు తిరగడం వంటివి రావచ్చు. దీనిని డంపింగ్ అంటారు. కొందరికి తిన్న ఒకటి నుంచి మూడు గంటల తరువాత రక్తంలో చక్కెర పడిపోయి వణుకు, నీరసం వస్తాయి. స్లీవ్ అయినవారిలో ఇది తక్కువే అయినా రాదని చెప్పలేం. మొదటి నెలల్లో తీపి వద్దనే చెబుతాను. తరువాత పండుగకు అరిసె ముక్కో బొబ్బట్టు పావో తినాలనుకుంటే పరగడుపున కాక, ప్రొటీన్ ఉన్న భోజనం చివర, కూర్చొని, నెమ్మదిగా తినడం మేలు. వంటింట్లో నిలబడి దొంగచాటుగా తిన్న తీపి అపరాధభావాన్ని మిగులుస్తుంది తప్ప రుచిని మిగల్చదు.

అపోహ: శాకాహారులకు ప్రొటీన్ పొడి తప్ప గతి లేదు.

వాస్తవం: మొదటి వారాల్లో పొడి చాలా ఉపయోగపడుతుంది, తరువాత దాని అవసరం క్రమంగా తగ్గవచ్చు. వంద గ్రాముల పనీర్‌లో సుమారు 18 గ్రాములు, ముప్పై గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో సుమారు 15 గ్రాములు, అంతే తూకం పెసరపప్పులో సుమారు 7 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. గుడ్డు తినేవారికి ఒక్కోదాని నుంచి 6 గ్రాములు చేరుతుంది. నానబెట్టి మెత్తగా రుబ్బిన పెసరపిండితో చిన్న అట్టు, మధ్యలో తురిమిన పనీర్, పక్కన పలచని అల్లం పచ్చడి: దీనిని నేను చప్పిడి తిండి అనను.

అపోహ: మంచి ఆహారం తింటే మాత్రలు అక్కర్లేదు.

వాస్తవం: ఇంత తక్కువ తిండితో, మారిన జీర్ణమార్గంతో బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి చాలినంత అందవు. మాత్రలు జీవితాంతం అవసరం. ఇనుము, కాల్షియం మాత్రలకు మధ్య కనీసం రెండు గంటల తేడా ఉంచాలి, ఇనుము మాత్రను టీ, కాఫీలతో వేసుకోకూడదు.

అపోహ: కొసరి కొసరి వడ్డిస్తేనే మనిషి తేరుకుంటారు.

వాస్తవం: ఇది కుటుంబాలు ప్రేమతో చేసే పని, అందువల్లే దీనిని ఆపడం కష్టం. "రెండు ముద్దలకే లేస్తావేంటమ్మా, నీరసం వస్తుంది" అని అత్తగారో మేనత్తో అన్నప్పుడు కాదనలేక తిన్న మూడో ముద్ద వాంతికి దారితీస్తుంది. పెళ్ళి బంతిలో వడ్డించేవారు విస్తరి నింపి వెళ్ళిపోతారు, మిగిల్చి లేవడం తప్పన్న సంకోచం మనకు పుట్టుకతోనే ఉంది. కాబట్టి కూర్చోకముందే ఇంటివారిలో ఒకరికి చెప్పి, విస్తరికి బదులు చిన్న గిన్నెలో పెట్టించుకోండి. బయలుదేరేముందు ఇంట్లో గుడ్డో పనీరో తిని వెళితే అక్కడ మీకు నచ్చిన ఒకటి రెండు వంటకాలను తీరిగ్గా రుచి చూడవచ్చు. కుటుంబసభ్యులకు నా విన్నపం ఏమిటంటే, వడ్డించడానికి బదులు పక్కన కూర్చొని, తినడం పూర్తయ్యేదాకా కబుర్లు చెప్పండి. ఇరవై నిమిషాల భోజనం ఒంటరిగా చేయడం ఎవరికైనా విసుగే.

అపోహ: ఆపరేషన్ తరువాత వాంతులు మామూలే.

వాస్తవం: తొందరగా తిన్నప్పుడో ఎక్కువ తిన్నప్పుడో ఎప్పుడైనా ఒకసారి కావచ్చు. రోజూ వాంతులవుతున్నా, నీళ్ళు కూడా నిలవకపోయినా అది మామూలు కాదు. ఆహారం దిగే దారి సన్నబడి ఉండవచ్చు. వాంతులు కొనసాగితే శరీరంలో థయామిన్ (విటమిన్ బి1) నిల్వలు కొద్ది వారాల్లోనే అడుగంటి, నడక తూలడం, చూపు మసకబారడం, మతిమరుపు వంటి నరాల సమస్యలు రావచ్చు. ఆ స్థితిలో ఆహారాన్ని మార్చి చూస్తూ రోజులు గడపకండి. అదే రోజు మీ సర్జన్‌ను కలవండి. వేరే ఆసుపత్రికి వెళ్ళవలసి వస్తే, ఏ శస్త్రచికిత్స ఎప్పుడు జరిగిందో చెప్పి, సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించేముందే థయామిన్ ఇవ్వాలేమో వైద్యులను అడగండి.