కల్చర్‌లో స్టాఫ్ పెరిగిందంటే

విజయవాడ సూర్యారావుపేటలో ఏ ఐసీయూ బయట కూర్చున్నా వినిపించే మాట ఒకటుంది. "జ్వరం తగ్గింది కదండీ, ఇంకా ఎన్నాళ్లు ఉంచుతారు?" బిల్లు భయంతో అడిగే ప్రశ్న, తప్పు పట్టలేం. కానీ బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, స్టాఫిలోకాకస్ ఆరియస్ (పొట్టిగా స్టాఫ్) అనే బ్యాక్టీరియా పెరిగినప్పుడు, జ్వరం తగ్గింది కదా అని మందు ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

చాలామంది ముక్కులో, చర్మం మీద ఊరికే ఉండే సూక్ష్మజీవే ఇది. డయాలసిస్ కోసం మెడలో పెట్టిన క్యాథెటర్ ద్వారానో, షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండు నుంచో రక్తంలోకి చేరిందంటే గుండె కవాటాలకు పట్టుకోవచ్చు, వెన్నుపూసల్లో చీము పట్టించవచ్చు. వైద్యం అందుతున్నా సుమారు ఐదుగురిలో ఒకరు నెల తిరక్కుండానే చనిపోతున్నారు.

ఇన్ఫెక్షన్ల స్పెషలిస్టు చూసిన రోగుల్లో మరణాలు తక్కువని చాలా దేశాల అధ్యయనాల్లో తేలింది. అవి లాటరీ తీసి రోగులను రెండు గుంపులుగా విడదీసి చేసినవి కావు, ఆ పరిమితి ఉంది. అయినా ఫలితం ఒకే వైపు చూపిస్తోంది. కారణం కూడా అర్థమవుతూనే ఉంది.

ఆ డాక్టరు వచ్చి ముందు నడుం నొప్పి ఉందా అని అడుగుతారు. రోగిని పక్కకు తిప్పి వెన్నెముకను ఒక్కొక్క పూస దగ్గరా నొక్కి చూస్తారు. పేస్‌మేకర్ ఉందా, మోకాలి చిప్ప మార్పించారా, ఎప్పుడో విరిగిన కాలిలో రాడ్ వేశారా అని ఇంటివాళ్లనూ అడుగుతారు. క్యాథెటర్ మీద అనుమానం ఉంటే తీయించేస్తారు. గుండెకు ఎకో తీయిస్తారు. ఒకటి రెండు రోజులకోసారి కల్చర్ మళ్లీ పంపుతారు. రక్తం శుభ్రమైందని రిపోర్టు వచ్చిన ఆ మొదటి శాంపిల్ తీసిన రోజు నుంచే మందు రోజుల లెక్క మొదలు. మామూలు కేసులో కనీసం 14 రోజులు, కవాటాలకో ఎముకకో పాకితే 4 నుంచి 6 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

ఇంటివాళ్లకు టెన్షన్ పెట్టేది మందు మార్పు. మామూలు మందులకు లొంగని మొండి రకం కావచ్చని మొదట వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు. ఏ మందుకు లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్టులో మామూలు రకమేనని తేలాక, 1970ల నుంచి వాడుకలో ఉన్న సెఫజోలిన్ లాంటి ఇంజెక్షన్‌కు మారుస్తారు. పెద్ద మందు ఆపేసి చిన్న మందు ఇస్తున్నారేంటని గొడవపడేవాళ్లున్నారు. నిజానికి ఈ రకం మీద వాంకోమైసిన్ నెమ్మదిగా పనిచేస్తుంది, సెఫజోలినే మేలు. ఈ మార్పు చేయకుండా వదిలేయడం నా దృష్టిలో పెద్ద లోపం.

విజయవాడ, గుంటూరుల్లో ప్రతి ఆసుపత్రిలోనూ ఈ స్పెషలిస్టు ఉండరు. అలాంటప్పుడు ఫోన్‌లో సలహా సరిపోదా అంటారు. ఫిన్లాండ్ వైద్యులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఫోన్ సలహాతో సరిపెట్టిన రోగుల కంటే స్పెషలిస్టు మంచం దగ్గరకొచ్చి చూసినవాళ్లే ఎక్కువగా బతికారు. లోపల దాగిన చీము కూడా వాళ్లలోనే ఎక్కువగా బయటపడింది. వెన్నుపూస నొక్కి చూడటం ఫోన్‌లో కుదరదు కదా. అందుకే కల్చర్ రిపోర్టు మీద ఈ పేరు కనబడగానే, "ఇన్ఫెక్షన్ల డాక్టరుగారిని ఒకసారి రప్పిస్తారా, ఖర్చు మేం చూసుకుంటాం" అని ఇంటివాళ్లు అడగొచ్చు. రప్పించడం కుదరకపోతే, ఆయన ఉన్న ఆసుపత్రికి మార్చవచ్చా అని ఆ రోజే అడగాలి.