‘చాదస్తం’ అనే మాట చాటున

మా పెదనాన్నగారు విశాఖ షిప్‌యార్డులో ముప్పై ఏళ్లకు పైగా ఫిట్టరుగా పనిచేశారు. రిటైరైన పదేళ్లకు ఒకరోజు తెల్లవారుజామునే తయారై, ఖాళీ క్యారేజీ సంచిలో పెట్టుకుని, మల్కాపురం మీదుగా సింధియా వైపు నడిచి వెళ్లిపోయారు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను పేరడిగితే తడుముకున్నారట. టోకెన్ నంబరు అడిగితే మాత్రం టక్కున చెప్పారు. ఆ నంబరు పట్టుకునే ఎవరో పాత సహోద్యోగి గుర్తుపట్టి ఇంటికి తీసుకొచ్చాడు. ఆ సాయంత్రం ఇంట్లో అందరం అన్నది ఒకటే మాట: “పెద్దతనం కదా, చాదస్తం.” ఇంకో మూడేళ్లు ఆ మాటతోనే నెట్టుకొచ్చాం. డాక్టరు చీటీ మీద అల్జీమర్స్ అని రాసేసరికి మా పెద్దమ్మ పేరు కూడా ఆయనకు చిక్కడం లేదు.

ఆ మూడేళ్ల ఆలస్యం మా ఒక్క ఇంటిది కాదని తర్వాత తెలిసింది. వైద్యలోకమే ఈ జబ్బును జబ్బుగా ఒప్పుకోవడానికి డెబ్బై ఏళ్లు తీసుకుంది.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి ఆగస్టె డీటర్ అనే 51 ఏళ్ల ఆవిడను తీసుకొచ్చారు. చూసిన డాక్టరు అలోయిస్ అల్జీమర్. మీ పేరేంటంటే “ఆగస్టె” అంది. మీ ఆయన పేరేంటంటే, కాస్త ఆలోచించి, దానికీ “ఆగస్టె” అనే అంది. 1906లో ఆవిడ చనిపోయాక మెదడును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే కణాల మధ్య గడ్డకట్టిన మచ్చలు, కణాల్లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. ఆ ఏడాది నవంబరులో ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సభలో ఆయన ఈ సంగతి వివరిస్తే ఒక్కరూ ఒక్క ప్రశ్న వేయలేదు. 1910లో జర్మన్ మానసిక వైద్యుడు క్రెపెలిన్ తన పాఠ్యగ్రంథంలో దీనికి అల్జీమర్ పేరు పెట్టాడు. అయితే అది నడివయసులో వచ్చే అరుదైన జబ్బుగానే పుస్తకాల్లో మిగిలింది. డెబ్బై దాటినవారికి అదే జరిగితే వయసు మహిమ అని వదిలేశారు. అమెరికా న్యూరాలజిస్టు రాబర్ట్ కాట్జ్‌మన్ 1976లో ఆ రెండూ ఒకటేనని, ఇది లక్షల మందిని కబళించే వ్యాధి అని గట్టిగా రాశాడు. అక్కడి నుంచి కథ మారింది. 1984లో అంతర్జాతీయ అల్జీమర్స్ సమాఖ్య ఏర్పడింది. 1994 నుంచి సెప్టెంబర్ 21ని ప్రపంచ అల్జీమర్స్ దినంగా పాటిస్తున్నారు.

మన దేశంలో మొదటి అడుగు కేరళది. డాక్టర్ జాకబ్ రాయ్ చొరవతో 1992లో అక్కడ ఏఆర్‌డీఎస్‌ఐ అనే అల్జీమర్స్ రోగుల కుటుంబాల కోసం పనిచేసే సంస్థ పుట్టింది. కుటుంబాలను కలిపింది, ప్రభుత్వం తలుపు తట్టింది. 2014 నాటికి కేరళ ప్రభుత్వం ఆ సంస్థతో కలిసి రాష్ట్రస్థాయి డిమెన్షియా కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. డిమెన్షియా అంటే మతి, ఆలోచన క్షీణించే స్థితి; అల్జీమర్స్ అందులో ఒక రకం. పొరుగునే ఉన్న కర్ణాటక ప్రభుత్వం బెంగళూరులోని మానసిక, నరాల వైద్యసంస్థ నిమ్హాన్స్‌తో చేయి కలిపి మెదడు ఆరోగ్యం కోసం ప్రత్యేకంగా క్లినిక్కులు తెరిచింది. 2017 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలన్నీ కలిసి డిమెన్షియాపై కార్యాచరణకు ఒప్పుకున్నాయి. 2025 కల్లా నాలుగింట మూడొంతుల దేశాలకు సొంత ప్రణాళిక ఉండాలన్నది అందులోని మొదటి లక్ష్యం. అది నెరవేరలేదు, గడువు 2031కి జరిగింది. మన దేశానికి విడిగా జాతీయ ప్రణాళిక ఇప్పటికీ లేదు.

లెక్కలేమైనా చిన్నవా? 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. అంటే దాదాపు 88 లక్షల మంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. వీరిలో ఎక్కువమందిది అల్జీమర్సే.

ఇక విశాఖ సంగతి. ఈ ఊరు కొలువుల మీద పెరిగిన ఊరు. 1933లో పోర్టు, 1941లో షిప్‌యార్డు, 1957లో రిఫైనరీ, తర్వాత స్టీల్‌ప్లాంటు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరిన ఆ తరం ఇప్పుడు గాజువాకలో, కూర్మన్నపాలెంలో, ఎంవీపీ కాలనీలో సొంత ఇళ్లు కట్టుకుని డెబ్బైల్లో ఉంది. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. ఇంట్లో ఇద్దరే. ఒకరికి మతి జారుతుంటే రెండోవారు కప్పిపుచ్చుతారు. పెన్షన్ ఫారాలు తనే నింపి సంతకం మాత్రం చేయిస్తారు. పిల్లలు ఫోన్ చేస్తే పక్కనుండి మాట అందిస్తారు. మా పెద్దమ్మ ఏళ్లపాటు చేసింది అదే. ఆవిడకు బీపీ ఎందుకొచ్చిందో ఆలస్యంగా అర్థమైంది.

చట్టాలు లేవని కాదు. 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులకు పడకలు, విడి క్యూలు ఉండాలంటుంది. అయితే 2016 వికలాంగుల హక్కుల చట్టం చూడండి. అందులో ఉన్న 21 రకాల వైకల్యాల్లో పార్కిన్సన్స్ పేరు ఉంది, అల్జీమర్స్ పేరు లేదు. కుటుంబాలు సర్టిఫికెట్టు కోసం వెళితే మానసిక వ్యాధి కిందో, దీర్ఘకాలిక నరాల జబ్బు కిందో ఇమడాలి. డెబ్బై దాటినవారికి 2024లో వచ్చిన ఆయుష్మాన్ బీమా ఆసుపత్రిలో చేరితే పనికొస్తుంది. ఈ జబ్బుకు కావలసింది పగలంతా కనిపెట్టుకునే మనిషి. ఆ ఖర్చుకు ఏ కార్డూ చెల్లదు.

జనాభా ముసలిదైపోతోందన్న కారణంతోనే 2024లో మన రాష్ట్రం స్థానిక ఎన్నికల్లో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీ చేయకూడదన్న నిబంధనను ఎత్తేసింది. పిల్లల్ని కనమని చెప్పడం సరే. ఇప్పటికే ముసలైనవారి కోసం ఏం చేస్తున్నామన్నది నా ప్రశ్న. బీపీ, షుగరు చూడటానికి ఇంటింటికీ వస్తున్న ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు అరవై దాటినవారిని జ్ఞాపకశక్తి గురించి నాలుగు ప్రశ్నలు అడగలేరా? ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక పూట మతిమరుపును పరీక్షించే మెమరీ క్లినిక్ నడపడం అంత భారమా?

తొందరగా చూపించుకుంటే లాభం ఉంది. బీ12 తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా, మనసు కుంగినా మతిమరుపు వస్తుంది. వీటికి వైద్యం ఉంది. అల్జీమర్సే అయితే డోనెపెజిల్ లాంటి మందులు లక్షణాలను కొంతకాలం అదుపులో పెడతాయి. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకనెమాబ్ కూడా తొలిదశలో ఉన్నవారికే, అదీ జబ్బు జోరును తగ్గిస్తుందే తప్ప నయం చేయదు. చెవుడు, షుగరు, బీపీ, పొగతాగడం, ఒంటరితనం వంటి 14 కారణాలను అదుపు చేస్తే దాదాపు 45 శాతం డిమెన్షియాను తప్పించవచ్చని, లేదా వెనక్కి నెట్టవచ్చని వైద్యపత్రిక లాన్సెట్ వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పింది.

ఇంట్లో పెద్దాయన దారి తప్పుతున్నా, అడిగిందే అడుగుతున్నా విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో నరాల విభాగానికి గానీ, చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి గానీ తీసుకెళ్లండి. దారీతెన్నూ తోచకపోతే ముందు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి. ఓపీ చీటీ మీద జబ్బు పేరు స్పష్టంగా రాయమని డాక్టరును అడగండి. ఆ చీటీ జిరాక్స్ జతచేసి, మెమరీ క్లినిక్ కావాలని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి.