ఐ ట్రాకర్‌ను బీరువాలో పెట్టేసే ముందు

ఈ నెలలో ఇలాంటిది మూడో ఫోన్. "మేడమ్, ఐ ట్రాకర్ మావారి కళ్ళకు పట్టట్లేదు. వాపసు తీసుకుంటారా?" ఐ ట్రాకర్ అంటే చేతులూ మాటా సహకరించనివాళ్ళు చూపుతోనే కంప్యూటర్ మీద టైప్ చేసేందుకు వాడే పరికరం. ఎన్నాళ్ళు వాడి చూశారని అడిగాను. ఒక్కసారట, అదీ పది నిమిషాలు.

అపోహ: కాలిబ్రేషన్ (తెర మీద చుక్కలు చూపించి, ఆ మనిషి చూపును ట్రాకర్‌కి నేర్పడం) కుదరలేదంటే ఆ మనిషికి ఇక ఇది పనికిరాదు.

వాస్తవం: చాలాసార్లు తప్పు కళ్ళది కాదు, మనం స్క్రీన్ పెట్టిన తీరుది. ట్రాకర్ ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు వేసి, కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) మీద మెరుపునీ కంటిపాపనీ కెమెరాతో చూసి చూపు ఎటుందో లెక్కగడుతుంది. అంటే దానికి కన్ను కనబడాలి. మన ఇళ్ళలో మనిషేమో మంచం మీద వెనక్కి వాలి ఉంటారు, ల్యాప్‌టాప్ బల్ల మీద నిటారుగా ఉంటుంది. ఎలా కుదురుతుంది? స్క్రీన్ కూడా అదే వాలులో, మొహానికి ఎదురుగా, సుమారు 60 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ట్రాకర్‌కి డబ్బు పోసి స్టాండు దగ్గర పొదుపు చేయకండి.

గుంటూరులో ఏఎల్ఎస్ (కండరాలు క్రమంగా పనిచేయకుండా పోయే నరాల జబ్బు) ఉన్న ఒక మాస్టారింట్లో నేనే గంటన్నర తంటాలు పడ్డాను. ఆయన ఒక అక్షరాన్ని చూస్తే పాయింటర్ ఇంకోదాని మీదికి దూకుతోంది. ఇంతలో కోడలు కాఫీ తెచ్చి, ఎండ పడుతోందని కిటికీ తెర లాగింది. అంతే, పాయింటర్ నిలబడింది! ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుందని తెలిసి కూడా నాకు తట్టలేదు. మాస్టారు కళ్ళతో రాసిన మొదటి మాట: "మీ కాఫీ చల్లారుతోంది."

ఇంకా కుదరకపోతే కాలిబ్రేషన్ చుక్కలు తగ్గించండి, తెర మీద నాలుగే పెద్ద బటన్లు పెట్టండి, కళ్ళు అలసిపోని పొద్దుటిపూట ప్రయత్నించండి. రెండు వారాలు చూడండమ్మా, టెన్షన్ పడకండి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో లేకపోవడం) ఉన్న పిల్లల విషయంలో అయితే, కాలిబ్రేషన్ కాలేదని "బుర్ర లేదు" అనేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పిల్లలకు ముందు ఆటలు పెట్టండి, చూపు ఎటు పోతే అటు బుడగలు పగిలేవి.

మిగతావి గబగబా. ఇన్‌ఫ్రారెడ్‌తో కళ్ళు పోతాయా? పోవు, ఆ కాంతిని భద్రతా పరిమితుల్లోనే ఉంచుతారు. మంట పుడుతోందంటే చాలావరకు రెప్ప వేయకుండా చూడటం వల్లే. చూసిందల్లా క్లిక్ అయిపోతుందా? డ్వెల్ టైమ్, అంటే క్లిక్ అవ్వాలంటే చూపు ఒకచోట నిలపాల్సిన సమయం, పెంచండి. స్టీఫెన్ హాకింగ్ కళ్ళతోనే టైప్ చేసేవారా? కాదు, చెంప కండరంతో. లక్షలు కావాలా? చూపుతో టైప్ చేయించే ఆప్టికీ సాఫ్ట్‌వేర్ ఉచితం. 2024లో వచ్చిన ఐఓఎస్ 18తో కొన్ని ఐఫోన్‌లు ముందు కెమెరాతోనే చూపును పట్టుకుంటున్నాయి, అంత కచ్చితంగా కాకపోయినా.

కరెంటు పోయినప్పటి కోసం అక్షరాలు రాసిన పారదర్శక ప్లాస్టిక్ షీటు ఒకటి మంచం పక్కనే ఉంచుకోండి. దాన్ని మధ్యలో పట్టుకుని ఎదురుగా కూర్చుంటే, ఎదుటివారు ఏ అక్షరం చూస్తున్నారో మీకే తెలుస్తుంది.